సారీ సవారీ

"సారీ! సారీ! సారీ!"

రాయపూర్ స్టేషను గేటు బయట పదిమంది ఆటోవాళ్లు చేతులూపుతూ మీదికొస్తుంటే భీమారావు బిత్తరపోయాడు.

"పర్లేదు బాబూ, పర్లేదు" అన్నాడు అందరికీ పేరుపేరునా. రైలు నాలుగు గంటలు లేటైతే ఆటోవాళ్లు సారీ చెప్పే ఊరా ఇది! సారీ చెప్పడానికి వచ్చినవాడు తనైతే, ఊరే తనకి ఎదురు సారీ చెబుతోందేమిటి?

వెనకనుంచి కిలకిలమని నవ్వు వినిపించింది. "సారీ కాదు అంకుల్, సవారీ! ఆటో ఎక్కుతారా అంటున్నారు."

పందొమ్మిదేళ్ల పిల్ల. మెడలో కాలేజీ కార్డు, చేతిలో స్కూటీ తాళాలు. ఆమె చూపంతా భీమారావు చంకలోని జాడీ మీదే ఉంది.

"ఎస్ ఫోర్, ముప్పై ఒకటి మీరేనా? పసుపు గుడ్డ కట్టిన జాడీ, పార్వతీపురం... పక్కా మీరే! రైలు లేటని చాయ్‌కి వెళ్లాను, ఈలోగా మీరు దిగిపోయారు."

"నేనేనమ్మా. ఇదిగో నీ సొత్తు."

ఏటా ఎండాకాలం భార్య పార్వతమ్మ రెండు జాడీల ఆవకాయ పెడుతుంది. ఒకటి ఇంటికి, రెండోది రాయపూర్‌లో పిన్నిగారి తోడికోడలికట. రాయపూర్ రైలెక్కే మనిషి దొరికితే చాలు, ఒళ్లో జాడీ పెట్టేస్తుంది. పెట్టె నంబరు, బెర్తు నంబరు ఫోన్లో చెప్పేస్తుంది. ఇక్కడ ఎవరో వచ్చి అందుకుంటారు. ఈసారి ఆ మోత మొగుడికే పడింది.

పిల్ల జాడీని పసిపిల్లనెత్తుకున్నట్టు అందుకుని వాసన చూసింది. "మమ్మీ పొద్దుట్నుంచి ఒకటే గోల, జాడీ పగిలితే ఇంటికి రావద్దంది! మీరెక్కడికెళ్లాలి అంకుల్? స్కూటీ ఉంది, ఛోడ్ దేతీ... అదే, దింపేస్తాను."

"వద్దమ్మా. మావాళ్లు వస్తారు."

అబద్ధం. రావడానికి మావాళ్లంటూ ఉంటే కదా!

తన బియ్యం మిల్లుకి రబ్బరు రోల్సు కొనుక్కొస్తానని ఇంట్లో చెప్పి బయల్దేరాడు. అదీ అబద్ధమే. వచ్చింది చెల్లెలు కల్యాణి కోసం. తొమ్మిదేళ్ల కిందట అమ్మ పోయినప్పుడు కల్యాణి ఎక్కిన రైలు ఏడు గంటలు లేటు. ఈయన ఆగలేదు, చితి అంటించేశాడు. పరుగెత్తుకుంటూ వచ్చిన చెల్లెల్ని చూసి, మాటకి మాట అతికించే పాడు నోరు ఊరుకుందా? బంధువులందరి ముందూ, "రాయపూర్ వెళ్లి రాయైపోయావు కదే!" అంది.

కల్యాణి ఏడవలేదు. తెచ్చిన సంచీతోనే వెనక్కి తిరిగింది. ఈయన ఇంటికొచ్చి, "దాని పేరు ఈ ఇంట్లో ఎత్తితే ఒట్టు!" అన్నాడు. పార్వతమ్మ ఎత్తలేదు.

ఈ పూట తన రైలు నాలుగు గంటలు లేటైతే, సీట్లో కూర్చుని దాన్ని ఎంత తొయ్యాలనిపించిందో! కూర్చున్నవాడు తొయ్యలేడని తెలియడానికి తొమ్మిదేళ్లు పట్టింది. తిరుగు రైలు సాయంత్రమే. ఈలోగా చెప్పాల్సింది ఒక్క మాట.

"సవారీ!" అన్నాడు మళ్లీ ఓ ఆటోవాడు.

"శంకర్ నగర్" అన్నాడు భీమారావు.

పాత చిరునామాలో తలుపు తీసినావిడ కల్యాణి కాదు. కానీ భీమారావు మొహం చూసి తెలుగులోనే అంది. "అరే, లోపలికి రండి అంకుల్. నా పేరు నళిని. మేం వచ్చి రెండేళ్లే అయింది. మాకంటే ముందు మరాఠీ వాళ్లుండేవాళ్లు. కల్యాణి అంటే... పతా నహీ అంకుల్, నిజంగా తెలీదు."

పాత ఫోను నంబరు ఎప్పుడో పోయింది. నళిని వీధిలో నాలుగు తలుపులు తట్టింది. ఆటోవాడు కిళ్లీకొట్టులో అడిగొచ్చాడు. అందరూ తలలు అడ్డంగానే ఊపారు. మూడు గంటలైంది. భీమారావు అరుగు మీద కూలబడ్డాడు. పద్నాలుగు గంటలు మోసి ఎవరి జాడీయో ఇచ్చేశాడు. సొంత చెల్లెలి జాడ మాత్రం దొరకలేదు. నోట్లో అలవాటుగా పుట్టిన ఆ మాటకి మొదటిసారి నవ్వు రాలేదు.

ఫోను మోగింది. చెవి దగ్గర పెట్టుకుంటే వినపడని పాత ఫోను అది, స్పీకరు నొక్కక తప్పదు.

"ఏటండీ, రోల్సు దొరికాయా?" పార్వతమ్మ గొంతు వీధంతా మోగింది.

"రోల్సు లేవు, గీల్సు లేవు. చెల్లి కోసం వచ్చానే. సారీ చెబుదామని. ఇల్లు మారిపోయారు. ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు. ఇంక నావల్ల కాదు, వచ్చేస్తాను."

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"కల్యాణి ఇందాకే ఫోన్ చేసిందండీ."

"ఏ కల్యాణి?"

"మీ కల్యాణే. మీరు పేరెత్తొద్దన్నారు, ఎత్తలేదు. ఆవకాయ పంపొద్దనలేదు కదా! పిన్నీ లేదు, తోడికోడలూ లేదు. తొమ్మిదేళ్లుగా ఆ రెండో జాడీ దానికే. ఈసారి తెచ్చింది మీరని దానికీ చెప్పలేదు, ఎక్కడ వద్దంటుందోనని. మీరు గుర్తుపడతారని పెద్దవాళ్లని రావద్దన్నాను."

నళిని గబగబా ఆటోవాడికి హిందీలో చెప్పింది. వాడు నోరు తెరిచాడు. అరుగు చుట్టూ చేరిన నలుగురూ ఫోను మీదికి వంగారు.

"పార్వతీ, మరి పొద్దున్న స్కూటీ మీద దింపుతానన్న ఆ పిల్ల..."

"మీ మేనకోడలండీ."