తరఫు మేడమ్

ఆ ఉదయం ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా బరువుగా వేలాడుతోంది. కురవదు, తెరిపి ఇవ్వదు. అచ్చం ఈ ఆస్పత్రి సూపరింటెండెంటులాగే ఉందనుకుంది తరఫు మేడమ్, గేటు దాటుతూ.

ఆమెకు ఆ పేరు పెట్టింది వార్డు ఆయాలు. మనసు బాగాలేక ఇక్కడ చేరి, తమ మాట తాము చెప్పుకోలేని వాళ్ళ తరఫున మాట్లాడటం ఆమె ఉద్యోగం. ఆమెకు జీతమిచ్చేది బయటి సంస్థ. ఆస్పత్రిలో ఎవరికీ జడవాల్సిన పని లేదు. ఆ సంగతి ఆమె చెప్పుల చప్పుడులోనే తెలుస్తుంది.

వరండాలో కుట్టుమాస్టారు ఎదురుచూస్తున్నాడు. మూడేళ్ళ కిందట తమ్ముడు తెచ్చి చేర్పించిన నాటి నుంచి నోరు విప్పని మనిషి. ఆమె అంతకుముందు రెండుసార్లు వచ్చి అతన్ని కలిసింది. రెండుసార్లూ ఆమే మాట్లాడింది. అతన్ని ఇంటికి పంపాలో, ఇక్కడే ఉంచాలో ఇవాళ కమిటీ తేలుస్తుంది.

అతను జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి ఆమెకిచ్చాడు.

“మీరు నాకు రాసివ్వాలా మాస్టారూ? మీ కళ్ళు చూస్తే తెలియదూ!” అంటూ దాన్ని ఫైల్లో దోపుకుంది. “పదండి, ఇవాళ వీళ్ళ సంగతి తేల్చేస్తాను.”

కమిటీ గదిలో బల్ల చుట్టూ డాక్టరు, సూపరింటెండెంటు, మాస్టారి తమ్ముడు. డాక్టరు మోచెయ్యి ఆనించగానే బల్ల ఒరిగింది. టీ ఒలికింది.

“బల్లని నిలబెట్టలేరు గానీ మనుషుల్ని నిలబెడతారట,” అంది తరఫు మేడమ్. ఫైల్లోంచి చేతికందిన మడత కాగితమొకటి లాగి, వంగి, పొట్టికాలు కింద దూర్చింది. బల్ల కుదురుకుంది.

మాస్టారు ఆమె పక్కన కూర్చుని నేలకేసి చూస్తున్నాడు.

“చూశారా మేడమ్, తలే ఎత్తడు,” అన్నాడు సూపరింటెండెంటు. “ఇంకో ఏడాది ఉండనివ్వండి. ఇక్కడ హాయిగానే ఉన్నాడు.”

“హాయి ఎవరికండీ? కిటికీలకి కర్టెన్లు, మంచాలకి దుప్పట్లు, చివరికి మీ ప్యాంటు అంచులు. అన్నీ ఈయన చేతే కుట్టిస్తున్నారు. ఇలాంటి మనిషిని ఎలా వదులుకుంటారు లెండి!”

సూపరింటెండెంటు కాళ్ళు కుర్చీ కిందకి ముడుచుకున్నాడు.

“మరి ఆ చేతి మీద మచ్చేమిటి?” మాస్టారి ముంజేతి మీద ఇస్త్రీపెట్టె మొనలా నల్లటి మచ్చ ఉంది. “అదీ మీ సేవేనా?”

“చేరేనాటికే ఉందండీ. రిజిస్టర్లో రాశాం.”

“మీ రిజిస్టర్లు మీరే రాసుకుంటారు, మీరే చదువుకుని మురుస్తారు.”

“ఆయన్నేం అనకండమ్మా,” చేతులు కట్టుకుని అన్నాడు తమ్ముడు. “అది మా కొట్లోనే కాలింది, పనిలో ఉండగా. అన్నయ్యకి అప్పటికే మతి నిలకడ లేదు.”

“మూడేళ్ళలో నువ్వెన్నిసార్లు వచ్చి చూశావయ్యా?” అడిగాడు సూపరింటెండెంటు.

“కొట్టు వదిలి రాలేకపోయానండీ.” తమ్ముడు కళ్ళు తుడుచుకున్నాడు. “కుట్టాల్సిన బట్టలు గుట్టపడి ఉన్నాయి. అయినా అన్నయ్య మిషను మీద ఇంకొకర్ని కూర్చోనివ్వలేదు. ఆ చెయ్యి పడితే తప్ప కొట్టుకి కళ రాదమ్మా.”

ఈ గదిలో మనిషి పుట్టుక పుట్టినవాడు ఇతనొక్కడే అనుకుంది తరఫు మేడమ్.

డాక్టరు గడియారం చూసుకున్నాడు. “సరే, తమ్ముడే తీసుకెళ్తానంటుంటే మనకేమిటి?”

“అడగాల్సింది తమ్ముణ్ణి కాదు డాక్టరుగారూ!” ఆమె బల్ల మీద చరిచింది. బల్ల కదల్లేదు. “ఇంతసేపట్నుంచి మీలో ఒక్కరైనా ఈయన్ని అడిగారా, నీకేం కావాలని? మీ కంటికి ఈయన మనిషిలా ఆనడం లేదా?”

డాక్టరు ఇబ్బందిగా కదిలి, మొదటిసారి మాస్టారి మొహంలోకి చూశాడు. “ఏం మాస్టారూ, ఇంటికి వెళ్తారా?”

మాస్టారు ఉలిక్కిపడ్డాడు. బల్ల కిందకి వంగబోయాడు.

“ఇదిగో, ఇవే చేష్టలు,” అంటూ నవ్వాడు సూపరింటెండెంటు.

“భయపడి దాక్కుంటున్నారు! మీ మొహాలు చూస్తే ఎవరికి భయం వేయదు?” తరఫు మేడమ్ అతని చెయ్యి అందుకుని, తన రెండు చేతుల మధ్య బిగించి పట్టుకుంది. “నేనున్నాను మాస్టారూ. మీ మాట నేను చెబుతానుగా.” డాక్టరు వైపు తిరిగింది. “రాసుకోండి. ఇంటికి వెళ్తారు. ఈ పూటే.”

ఆమె గుప్పిట్లో ఆ చెయ్యి గింజుకుంది. సంతోషం పట్టలేకపోతున్నాడు పాపం, అనుకుంది.

సంతకాలయ్యాయి. తమ్ముడు ఆమెకు పదేపదే చేతులు జోడించి, బండి మాట్లాడి గేటు దగ్గర నిలబెట్టి వచ్చాడు.

వెళ్ళిపోయే రోగితో కలిసి ఒక పూట అందరూ భోంచేయడం ఆ ఆస్పత్రి ఆనవాయితీ. ఆ బల్ల మీదే కంచాలు పెట్టారు. ఓడిన సూపరింటెండెంటు కంచంలోకి చూస్తూ తిన్నాడు. గెలిచిన తరఫు మేడమ్ అతన్ని చూస్తూ తింది. తమ్ముడు మారు వడ్డించుకున్నాడు. మాస్టారు ముద్ద ముట్టలేదు.

ఇప్పుడతని చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. నెమ్మదిగా వంగాడు. బల్ల ఒరిగింది, మంచినీళ్ళ గ్లాసులు ఒక పక్కకి జారాయి. అతను కాగితం మడతలు విప్పి, కత్తెర పెట్టబోయే గుడ్డని సాపు చేసినట్టు అరచేత్తో సాపు చేసి, ఆమె కంచం పక్కన పెట్టాడు. అక్షరాలు మిషను కుట్టులా వరసగా ఉన్నాయి.

‘నన్ను మా తమ్ముడికి మాత్రం అప్పగించకండి.’