నల్ల అంచు పేజీ

తిరుపతి సంగీత మాసపత్రిక అట్టమీదికి నాదస్వర విద్వాంసుల ఫొటోలే ఎక్కుతాయి. అచ్చుకోసం ఫొటోను బ్లాకు చేసేటప్పుడు, పక్కన కూర్చుని డోలు వాయించే మునెయ్యను భుజం దగ్గర కోసేస్తారు. డోలు వాళ్ళకు నిండు పేజీ దక్కేది పోయిన తర్వాతే, చుట్టూ నల్ల అంచుతో.

ఈ నెల అదే పేరున్న మరో డోలు విద్వాంసుడు పోతే, పత్రికవాళ్ళు పొరపాటున ఈ మునెయ్య ఫొటో వేసేశారు. సంపాదకుడు వడమాలపేటలోని మునెయ్య ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"తప్పయిపోయింది మునెయ్యా. వచ్చే నెల సవరణ వేస్తాము."

"దాంట్లో బొమ్మ ఎంత పెద్దది యేస్తారు సామీ?"

"సవరణకు బొమ్మ యాడుంటాది? ఆఖరి పేజీ అడుగున రెండు లైన్లు."

మునెయ్య గోడవైపు చూశాడు. నల్ల అంచు పేజీ అప్పటికే ఫ్రేములో వేలాడుతోంది.

"అయితే వద్దులే సామీ. ఇంత బొమ్మ పడినాక మళ్ళా బతికి ఏం జేసేది?"