గొంతులకు చోటు

"ఇప్పుడా రావడం? ఎదురుచూసి ఎదురుచూసి కళ్ళు కాయలు కాచాయి!"

తలుపు తోసుకుని వచ్చిన పెద్దాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. చేతిలో బరువైన సంచి.

"అమ్మా, నేను..."

"సాకులు తర్వాత చెబుదురుగానీ, ముందు ఈ కంప్యూటర్ సంగతి చూడండి."

ఆ గది అక్కాచెల్లెళ్ళది. గొంతు ఆపరేషన్‌కి వెళ్ళబోయేవాళ్ళు ముందుగా అక్కడికి వచ్చి, తమ మాటలు రికార్డు చేసుకుని వెళతారు. మాట పోయాక ఇంట్లోవాళ్ళకి మిగిలేది అదే. ఎవరు ఎప్పుడు రావాలో అక్క చూసుకుంటుంది. కంప్యూటర్ చెల్లెలి రాజ్యం. ఆవేళ అక్క జ్వరంతో ఇంట్లో పడుకుంది. చెల్లెలు మెకానిక్ కోసం కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

"ఏమైందమ్మా దానికి?"

"ఫోన్‌లో చెప్పాగా! డిస్కులో గొంతులు దాచే అర, అదే పార్టిషన్, నిండిపోయింది. ఇంకొక్క మాట కూడా పట్టదు. పక్కది సగం ఖాళీ. మధ్యలో గోడ కాస్త అటు జరపాలి."

"అంటే, ఇవాళ రికార్డింగు కుదరదా?"

"మీరు జరిపితే కుదురుతుంది!"

పెద్దాయన సంచి కింద పెట్టాడు. కంప్యూటర్ని ఎగాదిగా చూశాడు.

"నాకిది చేతకాదు తల్లీ."

"మిమ్మల్ని పంపినవాళ్ళని అనాలి! తప్పుకోండి, నేనే చేస్తా. ఇదేం బ్రహ్మవిద్యా?"

ఆయన వెళ్ళిపోలేదు. స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరుకున్నాడా? తను నడిపిన స్కూలు బస్సు గురించి చెప్పాడు. తన గురకని రోజూ తిట్టి, అది వినిపించని రోజున మాత్రం కంగారుగా లేచి కూర్చునే భార్య గురించి చెప్పాడు.

బస్సు నడిపేవాణ్ణి మెకానిక్‌ని చేస్తే ఇలాగే ఉంటుంది మరి, అనుకుంది చెల్లెలు.

"కాసేపు నోరు మూసుకుంటారా?"

"ఈ ఒక్క పూటా ఓర్చుకో తల్లీ," అని నవ్వాడు.

ఆ నవ్వు చూశాక ఆమెకి కోపం నిలవలేదు.

"అవునుగానీ, గోడ జరిపేటప్పుడు ఏమైనా అయితే?"

"ఏమీ కాదు. లోపల రెండు డిస్కులున్నాయి. ఒకదాంట్లో పడ్డది రెండోదాంట్లోనూ అచ్చం అలాగే పడుతుంది. ఒకటి చెడినా ఇంకొకటి ఉంటుంది."

"మరి ఒకదాంట్లో తప్పు చేస్తే?"

ఆమె వేలు మౌస్ మీద ఆగిపోయింది.

"రెండోదాంట్లోనూ అదే తప్పు పడుతుంది."

"కవలపిల్లలన్నమాట. ఇద్దర్నీ ఒకేసారి ఏట్లోకి దింపకు తల్లీ. ఒకణ్ణి గట్టున కూర్చోబెట్టు."

ఇన్నేళ్ళూ ఆ రెండు డిస్కుల్నీ నమ్ముకుని అక్కాచెల్లెళ్ళు గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయారు. ఈ ప్రశ్న ఏనాడూ తట్టలేదు.

చెల్లెలు కంప్యూటర్ ఆపి ఒక డిస్కు ఊడదీసింది. ఆయన దాన్ని అందుకుని, తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు.

గోడ సగం జరిగిందో లేదో, కరెంటు పోయింది.

మళ్ళీ వచ్చాక చూస్తే లోపలి డిస్కులో ఒక్క గొంతూ లేదు. చెల్లెలు భోరుమంది.

"చంటిపిల్ల తల్లి జోలపాట ఉందండీ అందులో! ఆ పాప రోజూ అది వింటూనే నిద్రపోతుంది!"

"ఎక్కడికి పోతుంది?" ఆయన ఒళ్ళో డిస్కుని మెల్లగా తట్టాడు. "అందరూ ఇక్కడే ఉన్నారు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆ క్షణంలో ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

"దీంట్లోంచి దాంట్లోకి అంతా మళ్ళీ ఎక్కించాలి. ఆ తర్వాతే గోడ. సాయంత్రం దాటిపోతుందేమో!"

ఆయన గడియారం వంక చూశాడు.

"ఈలోగా చోటు రావాలంటే వేరే దారి లేదా?"

"మీకంత తొందరైతే చెప్పండి, పాత గొంతులు నాలుగు చెరిపేస్తా."

"వద్దు!" ఆయన గొంతు పెరగడం అదే మొదటిసారి. "ఒకరిని గెంటేసి ఇంకొకరికి చోటా? వద్దు తల్లీ. నెమ్మదిగానే కానివ్వు."

కబుర్లు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి ఆమే అడిగి అడిగి చెప్పించుకుంది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

పొద్దు వాలేసరికి గొంతులన్నీ వచ్చాయి, గోడా జరిగింది. సరిగ్గా ఉందో లేదోనని ఆమె జోలపాట పెట్టి చూసింది. ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"ఇప్పుడు చోటుందా?"

"కావలసినంత!"

ఆయన ఏదో అనబోయాడు. ఇంతలో జేబులో ఫోను మోగింది.

"వస్తున్నానండీ, ఇదిగో బయల్దేరా," అంటూ సంచి అందుకున్నాడు. "నాకోసం కాచుకుని ఉన్నారు తల్లీ. ఇంక ఆగరు."

"పని రాకపోయినా మనిషి మంచివారండీ. మళ్ళీ రండి, బోలెడు కబుర్లు చెప్పుకుందాం."

ఆయన నవ్వి, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం ఎవరో తలుపు తట్టారు.

"మెకానిక్‌నండీ. నిన్న రాలేకపోయాను, ఏమీ అనుకోకండి."

చెల్లెలు తెల్లబోయింది.

"మరి నిన్న వచ్చిందెవరు?"

అతని వెనకాల ఒక పెద్దావిడ నిలబడి ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి, మొహంలో మాత్రం నవ్వుంది.

"పొద్దున ఆపరేషన్ బాగా జరిగిందమ్మా, మాటొక్కటే ఇక రాదన్నారు. నిన్న పొద్దుపోయేదాకా నీ దగ్గర మాట్లాడి వచ్చాడట కదా మా ఆయన, ఏం మాట్లాడావయ్యా అని రాత్రి అడిగితే నవ్వి నిన్నే అడగమన్నాడు, ఒక్కసారి ఆ గొంతు వినిపించవూ!"