శనగగింజంత ఇత్తడి

"జెట్ ఏదీ? ఇక్కడే పెట్టాను. ఈ పళ్ళెంలోనే పెట్టాను!"

లక్ష్మీపతి అరుపుకి అతని భార్య కస్తూరి వంటింట్లోంచి వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది. ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. రెండో చేతిలో సర్టిఫికెట్ల ఫైలు.

"జెట్ అంటే ఏమిటండీ?"

"కార్బురేటర్‌లో ఉంటుంది. శనగగింజంత ఇత్తడి ముక్క. దాని బెజ్జంలోంచే పెట్రోలు ఇంజన్‌లోకి పోవాలి. అది లేకపోతే ఈ మోటారు సైకిలు పాత ఇనప్సామాను కిందే లెక్క!"

కస్తూరి చేతిలోని ఫైలు వంక చూసుకుంది. పదింటికి ఢిల్లీలో ఆమెకి ఇంటర్వ్యూ. కేంద్ర సర్వీసులో ఆఫీసరు ఉద్యోగం. వచ్చే ఏడాదికి ఆమెకి వయసు దాటిపోతుంది. ఇక పరీక్ష రాయనివ్వరు. వస్తే ఇప్పుడు రావాలి, లేకపోతే లేదు.

ఆ పరీక్ష మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసే రాశారు. లక్ష్మీపతి ఢిల్లీలో సర్కారు గుమాస్తా. అతనికది మూడోసారి, కస్తూరికి మొదటిసారి. ఫలితాలొచ్చిన రోజు పేపర్లో ఆమె నంబరొక్కటే పడింది. లక్ష్మీపతి కాలనీలో గడపగడపకీ తిరిగి లడ్డూలు పంచాడు. "ఇక రోజూ ఇంట్లో సెల్యూట్ కొట్టాలోయ్" అని అందరూ ఆటపట్టించారు. అతనూ నవ్వాడు.

నోయిడా అప్పటికింకా ఊరు కాలేదు. ఆవాల చేల మధ్య సెక్టార్లు, సెక్టార్ల మధ్య ఆవాల చేలు. ఆటో కావాలంటే అది ఢిల్లీ నుంచి దారి తప్పి రావాల్సిందే. ఉన్న నాలుగు బస్సులకేమో ఖర్మకాలి సమ్మె!

ఇంటి ముందు గడ్డిలో మొగుడూ పెళ్ళాలు మోకాళ్ళ మీద కూర్చుని వెతికారు. ఇంటర్వ్యూకని కట్టుకున్న మంగళగిరి చీరకి మట్టి అంటుకుంటున్నా కస్తూరి పట్టించుకోలేదు. పిండి జల్లెడ తెచ్చి మట్టి జల్లించింది. ఏడుకొండలవాడికి మొక్కుకుంది.

పక్కింటి శేషగిరి మఫ్లర్ చుట్టుకుని వచ్చాడు. సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు.

"నిన్న సాయంత్రం గుర్రంలా వచ్చింది కదయ్యా! పొద్దున్నే దాన్నెందుకు విప్పావు?"

"దారిలో మొరాయిస్తుందేమోనని శుభ్రం చేద్దామనుకున్నానండీ."

"బావుంది! వినాయకుణ్ణి చేయబోతే కోతయింది."

కస్తూరి లేచి నిలబడింది. "ఏమండీ, నేను మెయిన్ రోడ్డు దాకా నడుస్తాను. లారీయో, పాల వ్యానో ఏదో ఒకటి ఆపుకుంటాను."

"ముక్కూమొహం తెలియనివాళ్ళ బండెక్కుతావా? నా మాట విను. ఒక్క అరగంట ఓపిక పట్టు. అట్టా బజార్లో మెకానిక్కుని నిద్ర లేపైనా తెస్తాను. నేనున్నానుగా!"

ఆ మాటతో కస్తూరి ఆగిపోయింది. శేషగిరి సైకిలు తీశాడు. మగాళ్ళిద్దరూ దాని మీదే పోయారు.

మెకానిక్ యశ్‌పాల్ దుప్పటి కప్పుకునే బయటికొచ్చాడు. జెట్ నంబరు వినగానే తల అడ్డంగా తిప్పాడు.

"మేరే పాస్ నహీ హై, బాబూజీ. కరోల్ బాగ్ మే మిలేగా."

అతని దగ్గర లేదట, ఢిల్లీలో కరోల్ బాగ్‌లో దొరుకుతుందట. ఆ కొట్లు ఈ వేళప్పుడు ఎవడు తీస్తాడు? తీసినా అక్కడికెలా పోతారు? శేషగిరి బతిమాలితే యశ్‌పాల్ ఓ పాత డబ్బా బోర్లించి, వేరే బండి జెట్ ఒకటి ఏరి తీశాడు. బెజ్జం కాస్త పెద్దది, పొగ కక్కుతుంది, అయినా ఢిల్లీ దాకా పోతుందని హిందీలో నచ్చజెప్పాడు.

"వద్దు భయ్యా" అన్నాడు లక్ష్మీపతి. "యమున వంతెన మీద ఇంజన్ పట్టేస్తే? వెనకాల మా ఆవిడ కూర్చుని ఉంటుంది."

శేషగిరి మనసు కరిగిపోయింది. "పెళ్ళామంటే ఎంత ప్రాణమయ్యా నీకు!" అన్నాడు.

అక్కణ్ణుంచి ఇంకో షెడ్డు. అక్కడ తాళం. ఆ పక్క ఊళ్ళో ఎవరికో ఇలాంటి బండే ఉందన్నారు. వెళ్తే ఆ మనిషి పెళ్ళికని మీరట్ పోయాడు, బండి మీదే! లక్ష్మీపతి ఆ ఇంటి ముందే నిలబడి తిట్టాడు. "దిక్కుమాలిన జెట్! వేలెడు లేదు, మనిషి బతుకంతా దాని చేతిలో పెట్టారు!"

ఇద్దరూ తిరిగి వచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. కస్తూరి మెట్ల మీదే కూర్చుని ఉంది. ఫైలు ఒళ్ళో ఉంది.

"దొరికిందా?"

లక్ష్మీపతి ఖాళీ చేతులు చూపించాడు. పది ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు దొరికినా ఒకటే, దొరక్కపోయినా ఒకటే. కస్తూరి ఫైలు పక్కన పెట్టి మొహం చేతుల్లో దాచుకుంది.

అతను ఆమె పక్కన కూలబడ్డాడు. "నా చేత్తో నీ ఉద్యోగం పోగొట్టాను కస్తూరీ" అంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు. అంత మగవాడు అలా ఏడుస్తుంటే చూడలేక శేషగిరి మెల్లిగా సైకిలు తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

కస్తూరే తేరుకుంది. తన కళ్ళు తుడుచుకుని, అదే పైటకొంగుతో అతని కళ్ళూ తుడిచింది.

"ఊరుకోండి. మీరు మాత్రం ఏం చేస్తారు? నా నుదుటి రాత అలా ఉంది. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళయినా ముట్టలేదు. ముందు లేవండి."

నీళ్ళు కాచి బాల్చీలో తొలిపింది. తువ్వాలు చేతికిచ్చింది. "స్నానం చేసి రండి. ఈలోగా ఉప్మా చేస్తాను" అని వంటింట్లోకి వెళ్ళింది.

లక్ష్మీపతి స్నానాల గదిలోకి వెళ్ళి, గడియ పెట్టుకుని, మొలతాడుకి తాయెత్తు పక్కన ముడేసి ఉన్న జెట్‌ని విప్పి, నీళ్ళలో పడిపోకుండా సబ్బుపెట్టెలో జాగ్రత్తగా పెట్టాడు.