అద్దాలు లేని ముఖం

"మామూలు ఫోటో ఒక్కటీ లేదా అమ్మా?" తెనాలి బస్టాండు పోలీసు గదిలో హెడ్ కానిస్టేబుల్ దావీదు విసుక్కున్నాడు.

తప్పిపోయిన కూతురు వర్ణిక ఫోటోలన్నీ ఉమామణి ఫోన్‌లో చూపించింది. ఒకదాంట్లో పాప మేఘం మీద నిద్రపోతోంది. ఇంకోదాంట్లో జుట్టు నిండా చేపలు ఈదుతున్నాయి. ఫోటోల్ని కలల్లా మార్చే సాఫ్ట్‌వేర్ కళ్ళద్దాల్లోకి కూడా వచ్చేశాక, ఇళ్ళల్లో ఎవరూ ఎవరినీ ఉన్నది ఉన్నట్టు చూసుకోవడం మానేశారు. వర్ణికకు పుట్టిన నాడే ఆ అద్దాలు పెట్టారు.

"ఈ చేపల్ని పట్టుకుని ఊరంతా గాలించమంటారా?" అంటూనే దావీదు లోపలి గది తలుపు తీశాడు. "పొద్దున ఒక పిల్ల దొరికింది. తోపులాటలో అద్దాలు పోయాయంట. మీరూ మీ అద్దాలు తీసి సరిగ్గా చూడండి."

ఉమామణి తీసింది. బల్ల మీద ఒక బక్కపిల్ల కూర్చుని ఉంది. చప్పిడి ముక్కు, చెంప మీద నల్లటి మచ్చ. ఎన్నడూ చూసిన ముఖం కాదు.

"అంకుల్, మా అమ్మ ఇంకా రాలేదా?" అంది ఆ పిల్ల.

ఆ గొంతు వర్ణికదే! ఉమామణి రెండు చేతులూ చాచి పరుగెత్తింది. "నేనేరా బంగారం, అమ్మని!"

పిల్ల కెవ్వుమని అరిచి దావీదు వెనక నక్కింది.

"అంకుల్, ఈవిడెవరో మా అమ్మ గొంతుతో మాట్లాడుతోంది! దగ్గరికి రానివ్వకండి!"

దావీదు ఉమామణికి అడ్డంగా లాఠీ పెట్టాడు.