అబద్ధపు ఆశ్చర్యం

మనవరాలు ఉద్యోగం మానేసింది. హోటల్లో భోజనాల బల్లల దగ్గర గారడీ చేసి బతుకుతానంటోంది. ఈరోజే మొదటి ప్రదర్శన. నేను మూల కుర్చీలో కూర్చుని చూస్తున్నాను.

తప్పంతా నాదే. ఇంట్లో తను నాణెం మాయం చేసిన ప్రతిసారీ అది ఏ వేళ్ళ సందున దాక్కుందో నాకు కనబడేది. పిల్ల చిన్నబుచ్చుకుంటుందని, "అమ్మో, ఎటు పోయిందే!" అనేదాన్ని. ఈమధ్య కనబడకపోతే నా చూపు మందగించిందనుకున్నాను.

ఇంతమంది ముందు పట్టుబడితే?

చప్పట్లు మోగాయి. అయినా భయం తగ్గక, తను దగ్గరికి రాగానే చెప్పేశాను. "ఇన్నాళ్ళూ నీకు అబద్ధం చెప్పానే తల్లీ!"

"నీకు అబద్ధమాడడం ఎప్పుడొచ్చింది నానమ్మా?" అని నవ్వింది. "నోరు ఏమన్నా, నీ కళ్ళు నాణెం వెంటే పోయేవి. అవి దారి తప్పడం మొదలయ్యాకే ఉద్యోగం మానేశాను."