ఈత ఒక్కటే కాలే

"ఈత పూర్తి కాలేదని దరఖాస్తుల ఎవరన్న రాస్తరానె?" బడిలో స్కౌట్స్ అండ్ గైడ్స్ చూసే భీమమ్మ టీచర్ కాగితాన్ని బల్ల మీదికి విసిరింది. "కాలేజోళ్లు నవ్వుతరు. పూర్తయిందని దిద్దు, సంతకం పెడ్త."

రిబ్కకు ఆ సంతకం కావాలి. గైడ్స్ కోటాలో తప్ప సంగారెడ్డి కాలేజీలో ఆమెకు సీటు రాదు. కవరు మధ్యాహ్నం బస్సుకే పోవాలి.

"తాళ్లకు ముళ్లేసుడు, దెబ్బలకు కట్లు కట్టుడు, నడక అన్నీ అయినయని రాసిన, టీచర్. ఈత ఒక్కటే కాలే."

"పెద్ద సత్తెవంతురాలివి మోపైనవ్."

"మనూరు క్యాంపుల బాయి ఎండిపాయె గద. గట్టు మీద కూసొని శెనగ గుడాలు తిని వచ్చినం."

"నోరు ముయ్యి. బాయి సంగతి నిన్నెవరడిగిన్రు?"

అంటూనే టీచర్ బల్ల మీదున్న ఇంకో దరఖాస్తును రిజిస్టరు కిందికి తోసింది. సగమే పోయింది. మిగిలిన సగంలో టీచర్ కూతురు శశికళ పేరుంది. 'ఈత: పూర్తి' అని ఉంది. కింద టీచర్ సంతకం కూడా ఉంది.

ఆ రోజు ఆ గట్టు మీద, రిబ్క దోసిట్లోని గుడాలు సగం తిన్నది శశికళే.

రెండు దరఖాస్తులూ ఒకే కవరులో పోతాయి. కాలేజీవాళ్లు నవ్వుతారని కాదు టీచర్ భయం. ఆ సంగతి రిబ్కకు ఇప్పుడర్థమైంది.

"దిద్దుతవా, పోతవా?"

"దిద్దుత టీచర్."

రిబ్క పెన్ను మూత తీసింది. 'ఈత పూర్తి కాలేదు' పక్కన 'క్యాంపు బావిలో నీళ్లు లేనందున' అని గుండ్రంగా రాసి, కాగితాన్ని టీచర్ ముందుకు జరిపింది.

"ఇగ సంతకం పెట్టుండ్రి."